కుదుపంతా రోడ్డుదేనా?

మద్నూర్ నుంచి విడివడి 2022లో కొత్త మండలమైన డోంగ్లి నల్లరేగడి ప్రాంతం. వానకు ఉబ్బి ఎండకు బీటలువారే ఆ నేల మీద ఏ రోడ్డూ ఎక్కువకాలం చదునుగా ఉండదు. అందుకే పాత బస్సు ఎగిరెగిరి పడితే తప్పంతా గుంతలదే అంటాం. నేనైతే ఒప్పుకోను. అదే గుంతలో మంచి బండి ఒకసారి ఊగి ఆగుతుంది, పాతది ఊగుతూనే ఉంటుంది. కమాన్ పట్టీలు బరువు మోసి దెబ్బను మింగుతాయి; ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బర్. దాని గొట్టం మీద నూనె కారి, జిడ్డుకు దుమ్ము గడ్డకట్టి కనిపిస్తే దాని పని అయిపోవచ్చినట్టే. పట్టీల మధ్య తుప్పు పడితే అవి ఒకదానిమీద ఒకటి జారలేక ఇనుప దిమ్మలా బిగుసుకుంటాయి. అప్పుడు చిన్న రాయి దెబ్బ కూడా నేరుగా నడుముకు తగులుతుంది. వెనక చక్రాలకు అవతల కూర్చున్న ముసలివాళ్లకు, గర్భిణులకు అది నరకం.

ఇంకో పట్టీ వేస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. బండి కుంగదు, నిజమే. కానీ జనం తక్కువున్న ట్రిప్పులో మరింత గట్టిగా కొడుతుంది. ఎయిర్ సస్పెన్షన్ బరువును బట్టి గాలి సర్దుకుంటుంది గానీ, పాత బండికి కంప్రెసర్, గొట్టాలు అమర్చాలంటే ఖర్చు ఎక్కువ. ముందుగా టైర్లలో బరువుకు తగ్గ గాలి, అరిగిన బుష్‌ల మార్పు, పట్టీల శుభ్రత, ఆపైన రెండు వైపులా ఒకేసారి కొత్త షాక్ అబ్జార్బర్లు. రోడ్డు బాగయ్యేదాకా వీటిని ఆపాల్సిన పనిలేదు.