వెన్నెముక క్షయ: కత్తా, మాత్రా?

క్షయ అనగానే మనకు దగ్గు, ఊపిరితిత్తులు స్ఫురిస్తాయి. కాని ఆ వ్యాధి క్రిములు రక్తప్రవాహంలో పయనించి ఎముకలకూ చేరగలవు. ఎముకలన్నింటిలోనూ వాటి తాకిడికి ఎక్కువగా గురయ్యేది వెన్నెముక. వెన్నుపూసల ముందుభాగం తినివేయబడగా, పూసలు కూలి ముందుకు ఒరుగుతాయి. వీపు గూని అవుతుంది. చీము, ఎముక తునకలు వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ 1779లో దీనిని విపులంగా వర్ణించాడు. నేటికీ ఇది ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతోంది.

మందులు లేని రోజుల్లో వైద్యులకు తెలిసిన ప్రధాన ఉపాయం విశ్రాంతే. రోగులు నెలల తరబడి మంచానికి అంటిపెట్టుకుని, ప్లాస్టర్ కట్లలో బందీలై ఉండేవారు. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. ఈ మందుల అండ దొరకడంతో శస్త్రవైద్యులూ సాహసించారు. హాంకాంగ్‌లో హాడ్జ్‌సన్, స్టాక్ అనే ఇద్దరు వైద్యులు 1956లో ఒక పద్ధతిని ప్రకటించారు: శరీరం ముందువైపు నుంచి వెన్నెముకను చేరి, చెడిన ఎముకనంతా తొలగించి, ఆ ఖాళీలో ఆరోగ్యవంతమైన ఎముక ముక్కను అతికించడం.

ఫలితాలు బాగున్నాయి. అయితే ఆ రోగులకు మందులు కూడా ఇచ్చారు కదా! నయమైనది కత్తి వల్లనా, మాత్ర వల్లనా? శస్త్రవైద్యులూ, ఆసుపత్రి పడకలూ కొరతగా ఉన్న దేశాలకు ఇది కేవలం శాస్త్రచర్చ కాదు. వేలాది రోగుల జీవన్మరణ సమస్య.

జవాబు కోసం బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ 1960 దశకంలో పలు దేశాలలో పరిశోధనలు చేపట్టింది. ఎవరికి ఏ చికిత్స అన్నది వైద్యుని ఇష్టానికి వదలక, చీట్లు తీసినట్లుగా నిర్ణయించారు. కొరియాలోని మసాన్‌లో ఆరు నెలలు మంచం పట్టిన వారికీ, మందులు వాడుతూ నడుస్తూ తిరిగిన వారికీ తేడా కనిపించలేదు. పూసాన్‌లో ప్లాస్టర్ కట్టు వల్ల అదనపు లాభం లేదని తేలింది. హాంకాంగ్ శస్త్రచికిత్సకు మాత్రం ఒక సుగుణం బయటపడింది: పూసలు త్వరగా అతుక్కున్నాయి, గూని తక్కువగా ఏర్పడింది.

తుది పరీక్షకు వేదిక మద్రాసు. ఊపిరితిత్తుల క్షయకు ఇంటివద్ద చికిత్స చాలునని 1959లోనే లోకానికి చాటిన క్షయ పరిశోధన కేంద్రం అక్కడిదే. అక్కడి వెన్నెముక రోగులను మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి హాంకాంగ్ శస్త్రచికిత్సతోపాటు ఆరు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ ఇచ్చారు. రెండవ వర్గానికి కోత లేకుండా అవే మందులు ఆరు నెలలు. మూడవ వర్గానికి తొమ్మిది నెలలు. ఆ రోగులు పదేళ్ల తర్వాత ఎలా ఉన్నారో 1999లో ప్రకటించారు. శస్త్రచికిత్స పొందిన 78 మందిలో 90 శాతం, ఆరు నెలల మందులు వాడిన 78 మందిలో 94 శాతం, తొమ్మిది నెలలు వాడిన 79 మందిలో 99 శాతం సంతృప్తికరమైన స్థితిలో ఉన్నారు!

కత్తికి ఇక పని లేదని దీని అర్థం కాదు. కాళ్లు చచ్చుబడి నడవలేని రోగులను ఈ పరిశోధనలో చేర్చుకోలేదు. పదిహేనేళ్ల లోపు పిల్లలలో, ఆరంభంలోనే వంపు 30 డిగ్రీలు దాటిన వారికి మందులతో వ్యాధి తగ్గినా గూని బాగా పెరిగింది. కోయంబత్తూరు శస్త్రవైద్యుడు రాజశేఖరన్ 61 మంది పిల్లలను పదిహేనేళ్లు పరిశీలించి, ఏ బిడ్డకు గూని పెరిగే ప్రమాదముందో ఎక్స్‌రేలోనే ముందుగా పసిగట్టగల నాలుగు గుర్తులను 2001లో వివరించారు. అటువంటి పిల్లలకు సకాలంలో చేసే శస్త్రచికిత్స నిజంగా వరమే. వారణాసిలో డాక్టర్ తులి 1975లో ప్రకటించిన ‘మధ్యే మార్గం’ సారాంశమూ ఇదే: ముందు మందులు, అవసరమైన వారికే కత్తి.

వారాల తరబడి తగ్గని నడుమునొప్పికి సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం తోడైతే ఉపేక్షించరాదు. నొప్పి తగ్గిందని మందులు మధ్యలో మానరాదు. పూస కూలకముందే రోగాన్ని గుర్తిస్తే, చాలామందికి కత్తితో నిమిత్తమే ఉండదు.