పడుకొనిన పెరుగు నడుమునొప్పి

నాట్లు, కోతల వలన వచ్చు నడుమునొప్పి విశ్రాంతి తీసుకొనిన తగ్గును. అట్లుగాక తెల్లవారుజామున నిద్ర చెడగొట్టి, లేచిన పిదప అరగంటకు పైగా నడుము కర్రవలె బిగిసి, అటునిటు తిరిగిన సడలు నొప్పి వేరు. అది 45 ఏండ్లలోపు మొదలై 3 నెలలకు మించి నిలిచినచో వెన్నెముక కీళ్ళవాతమని అనుమానింపవలెను. వైద్యులు దీనిని ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అందురు. కన్ను ఎఱ్ఱబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోయిన ఆనాడే కంటి వైద్యునికి చూపుడు.

పడుచువాడు పొద్దెక్కువరకు మంచము దిగకున్న బద్ధకమని ఇంటివారు నిందింతురు. అది అన్యాయము. ఉపేక్షించిన, కొందరికి ఏండ్లు గడచుకొలది వెన్నుపూసలు అతుకుకొని నడుము వంగిపోవును. దీనిని పూర్తిగా మాన్పు మందు లేదు. అయినను కీళ్ళ వైద్యుని మందులతో, నిత్య వ్యాయామముతో చాలమంది పొలముపని సాగించుకొనుచున్నారు. నొప్పి మాత్రలు మీ అంతట మీరు కొని మ్రింగకుడు. కడుపునకు, మూత్రపిండములకు చేటు. చుట్ట, బీడీ మానుడు. ఎత్తు తలగడ తీసివేసి, రోజూ కొంతసేపు బోర్లా పడుకొనుడు.