వారానికో ముచ్చట: ఇంట్లోనే ఇంగ్లీషు

తెలుగు క్లబ్బు పత్రికలో ఇంగ్లీషు గురించి వ్యాసమేంటి అని కొందరికి అనిపించొచ్చు. అనిపిస్తే తప్పు లేదు. కానీ మూడో సంవత్సరంలోకి వచ్చాక మనలో చాలామంది ముందు ఒకటే గోడ. కోడింగ్ టెస్టు గట్టెక్కి, జామ్ రౌండులో, అంటే ఇచ్చిన అంశం మీద ఒక్క నిమిషం ఆగకుండా మాట్లాడమనే చోట, నోరు పెగలక వెనక్కొచ్చేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. సబ్జెక్టు తెలుసు, జవాబు తెలుసు, తెలుగులో అడిగితే పది నిమిషాలు చెప్తారు.

వాళ్ళకి అందరూ ఇచ్చే సలహా, "ఇంట్లో రోజూ ఇంగ్లీషులో మాట్లాడండి" అని. ఈ సలహా రెండు రోజులు దాటి బతకదు. మొదటి రోజు "హౌ ఆర్ యూ", "హావ్ యూ హాడ్ యువర్ లంచ్" అయిపోతాయి. రెండో రోజుకి ఏం మాట్లాడాలో తెలీదు. "అమ్మా, చట్నీ వెయ్యి" అంటే అయిపోయే పనికి ఇంగ్లీషు ఎందుకు? పైగా పక్కింటివాళ్ళు వింటే "దొరలు దిగారండీ" అని ఒక వెక్కిరింత.

మా ఇంట్లో పోయిన వేసవి సెలవుల నుంచి ఇంకో పద్ధతి నడుస్తోంది. వారానికి ఒకే అంశం. రోజుకి ఇరవై నిమిషాలు. ఇంట్లో నేను, ఇంటర్ చదివే చెల్లి, నాన్న, ఇంగ్లీషు రాని అమ్మ. నియమం ఒకటే: ఇంగ్లీషులో చెప్పిన సంగతి ఇంట్లో ఎవరికో ఒకరికి నిజంగా కావాలి.

వారమంతా ఒకే అంశం ఎందుకంటే, మాటలు తిరిగి తిరిగి రావాలి కాబట్టి. సోమవారం క్రికెట్, మంగళవారం కాలుష్యం, బుధవారం సోషల్ మీడియా అంటూ మారిస్తే ప్రతిరోజూ కొత్త మాటల కోసం తడుముకోవడంతోనే సరిపోతుంది. ఒకే విషయాన్ని నాలుగుసార్లు చెప్తే రెండోసారికి ఏం చెప్పాలన్న బెంగ తగ్గి, ఎలా చెప్పాలన్న దాని మీదకి మనసు పోతుంది. దీని మీద ఆధారపడ్డ ఒక అభ్యాసం ఉంది, పేరు 4/3/2. న్యూజిలాండ్ పండితుడు పాల్ నేషన్ రచనల ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చింది. ఒక విషయాన్ని ఒకరికి 4 నిమిషాలు చెప్పాలి, అదే విషయం ఇంకొకరికి 3 నిమిషాల్లో, మరొకరికి 2 నిమిషాల్లో. వినేవాళ్ళు మారతారు కాబట్టి మళ్ళీ చెప్పడం బోరు కొట్టదు. టైము తగ్గుతుంది కాబట్టి "ఆఁ... ఊఁ..." అని సాగదీసే వీలుండదు. మా ఇంట్లో 4 నిమిషాలు చెల్లికి, 3 నిమిషాలు నాన్నకి, ఆఖరి 2 నిమిషాలు ఫోన్ రికార్డర్‌కి.

"సినిమాలు, సిరీస్‌లు చూస్తే వచ్చేస్తుంది కదా" అంటారు కొందరు. అర్థం చేసుకోవడం వస్తుంది. కెనడాలో స్కూలంతా ఫ్రెంచిలోనే చదివిన ఇంగ్లీషు పిల్లల్ని గమనించి మెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 1985లో ఒక మాట తేల్చారు. ఏళ్ళ తరబడి విన్న ఆ పిల్లలకి వినికిడి బ్రహ్మాండంగా ఉంది, మాట్లాడటం మాత్రం ఆ స్థాయికి రాలేదు. నోటితో వాక్యం కట్టాల్సిన అవసరం తగినంత పడకపోవడం అందుకొక కారణమని ఆవిడ వాదన. మనలో సగంమంది పరిస్థితి ఇదే అని నా అభిప్రాయం.

ఇక అంశాలు. మొదటి వారం వంటిల్లు. ఇది నవ్వులాట కాదు. పులిహోర చేయడం ఇంగ్లీషులో చెప్పి చూడండి, మనకి ఎన్ని మాటలు లేవో తెలుస్తుంది. చింతపండు నానబెట్టడం "సోక్", పిండటం "స్క్వీజ్", వడకట్టడం "స్ట్రెయిన్", పోపు పెట్టడం "టెంపర్", ఆవాలు చిటపటలాడటం "స్ప్లటర్". అసలు చిక్కు మాటలు అతికించే దగ్గర వస్తుంది. "గుజ్జు చిక్కబడేదాకా" అంటాం. "దాకా" చివర వస్తుంది. ఇంగ్లీషులో "అంటిల్ ఇట్ థికెన్స్", "అంటిల్" ముందుకొచ్చి కూర్చుంటుంది. "ఆవాలు చిటపటలాడాక" అన్నదాంట్లో "ఆక" మాట చివర అంటుకుని ఉంది. ఇంగ్లీషులో "వన్స్" అని వాక్యం మొదట్లోనే చెప్పెయ్యాలి. అంటే నోరు తెరవక ముందే వాక్యం ఎటు పోతోందో మనం తేల్చుకోవాలి. తెలుగులో ఆ నిర్ణయం ఆఖరిదాకా వాయిదా వేసుకోవచ్చు. మనం వాక్యం మొదట్లోనే తడబడటానికి ఇదొక కారణం అనుకుంటున్నాను.

ఇక్కడే అమ్మ పాత్ర. నేను చెల్లికి ఇంగ్లీషులో చెప్తాను. చెల్లి అది విని అమ్మకి తెలుగులో చెప్తుంది. అమ్మ తీర్పు చెప్తుంది. "అన్నం ఆరబెట్టకుండానే పులుసు కలిపేశారే, ముద్దవదూ?" అందంటే నేను చెప్పడంలోనో, చెల్లి వినడంలోనో ఒక మెట్టు జారిందన్నమాట. ఇంగ్లీషు రాని మనిషి ఇంగ్లీషు పరీక్షకి ఇంత ఖచ్చితమైన ఎగ్జామినర్ అవుతుందని నేను ఊహించలేదు. గ్రామర్ తప్పులు అమ్మకి పట్టవు, విషయం చేరిందా లేదా అన్నదే పడుతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకీ ముందు కావలసింది అదే. మెకానికల్ వాళ్ళు కాస్టింగ్ ఎలా చేస్తారో చెప్పాలన్నా, మేము పీసీబీ తయారీ చెప్పాలన్నా కావలసినవి ఈ "ఫస్ట్, వన్స్, అంటిల్, మీన్‌వైల్"లే.

రెండో వారం కరెంటు బిల్లు. నాన్న కోరి ఎంచుకున్న అంశం. పాత ఫ్యాన్ 75 వాట్లు, పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. గీజర్ 2000 వాట్లు, అరగంటకే ఒక యూనిట్. ఈ లెక్కలు ఇంగ్లీషులో చెప్తుంటే పోలికలు వాటంతటవే వస్తాయి: "మోర్ దాన్", "ట్వైస్ యాజ్ మచ్", "లెస్ దాన్ హాఫ్". ఫిఫ్టీన్‌కి, ఫిఫ్టీకి తేడా కూడా ఈ వారమే పట్టుబడింది. మొదటిదాంట్లో "టీన్" నొక్కి పలకాలి, రెండోదాంట్లో "ఫిఫ్". మనం రెండింటినీ ఒకే ఊపులో పలికేస్తాం. ఈ వారం గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, ఇంట్లో గీజర్ వాడకం తగ్గిందన్న మాట తప్ప.

మూడో వారం ఫోన్లో ఫిర్యాదు. ఇంటర్నెట్ పోయింది, వాటర్ ట్యాంకర్ రాలేదు, కొన్న మిక్సీ పనిచెయ్యట్లేదు. చెల్లి కస్టమర్ కేర్, నేను కస్టమర్. దీంట్లో నాకు బాగా నచ్చిన సంగతి మర్యాద ఎక్కడ దాక్కుంటుందన్నది. తెలుగులో మర్యాదంతా క్రియలోనే ఉంటుంది. "పంపించండి" అంటే చాలు, ఆ "అండి"లోనే గౌరవం ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తెస్తే "సెండ్" అని మిగులుతుంది, "అండి" దారిలో రాలిపోతుంది. మనం ఎంతో మర్యాదగా అనుకుని అన్నది అవతలివాళ్ళకి హుకుంలా వినబడుతుంది. దాన్ని సరిచెయ్యడానికి మనం వాక్యానికి నాలుగు "సర్"లు తగిలిస్తాం, అదీ అతకదు. ఇంగ్లీషు మర్యాదని ప్రశ్నలో పెడుతుంది: "కుడ్ యూ సెండ్ సమ్‌వన్ టుడే?", "వుడ్ యూ మైండ్ చెకింగ్?" ఇది తెలిశాక ప్రొఫెసర్లకి రాసే మెయిల్స్ కూడా మారాయి. "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" అవసరం పడట్లేదు.

నాలుగో వారం పాత కబుర్లు. భూతకాలం సాధన చెయ్యడానికని పెట్టుకున్న అంశం, అనుకున్నదానికంటే లోతుకి పోయింది. మా అమ్మమ్మది అవనిగడ్డ వైపు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ అక్కడే ఉంది. డల్లాస్‌లో పుట్టి పెరిగిన మా పెద్దమ్మ మనవరాలికి ఆ సంగతి తెలుసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. ఆ పిల్లకి ఇంటి తెలుగు కొంచెం తెలుసు, అమ్మమ్మ యాసలో గబగబా చెప్తే అందదు. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మ చెప్పాలి, నేను ఇంగ్లీషులో అందించాలి. మధ్యలో వారమంతా దానికి తయారీ.

ముందు "ఉప్పెన" అన్న మాటకే ఆగాల్సొచ్చింది. తుఫాను "సైక్లోన్", ఉప్పెన "స్టార్మ్ సర్జ్". వానతో వచ్చే వరద వేరు, గాలికి సముద్రం ఊళ్ళ మీదకి రావడం వేరు. అమ్మమ్మకి ఈ తేడా స్పష్టంగా తెలుసు, "వరద అనమాకు" అంది. తర్వాతది ఇంకా పెద్ద చిక్కు. అమ్మమ్మ "చీకట్లో హోరు వినబడింది" అంటుంది. మరుక్షణమే "అవతల ఊళ్ళో తాడిచెట్టంత ఎత్తున నీళ్ళొచ్చాయట" అంటుంది. మొదటిది స్వయంగా విన్న హోరు. రెండోది ఎవరో చెప్పగా తెలిసింది. ఆ తేడా మొత్తాన్ని "ట" అనే ఒక్క అక్షరం మోస్తోంది. ఇంగ్లీషులో అలాంటి అక్షరం లేదు. "పీపుల్ సెడ్", "షీ వాజ్ టోల్డ్", "అపారెంట్లీ" అని ప్రతిసారీ విడిగా చెప్పాలి. చెప్పకపోతే అమ్మమ్మ చూడనివి కూడా చూసినట్టే అయిపోతుంది. అలాంటి జ్ఞాపకం విషయంలో అది చిన్న తేడా కాదు.

అందుకని ఆ వారం చెల్లి, నేను కలిసి కాగితం మీద రెండు వరసలు రాసుకున్నాం. ఒకవైపు అమ్మమ్మ చూసినవి, రెండోవైపు విన్నవి. కాల్‌లో ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న, "డిడ్ షీ సీ దట్ హర్‌సెల్ఫ్?" అని. జవాబు నా దగ్గర ఉంది. గంటంపావు నడిచింది ఆ కాల్. ఇంగ్లీషు మాట్లాడుతున్నానన్న సంగతి నాకు సగంలోనే మర్చిపోయింది. అమ్మమ్మ మధ్యలో రెండుసార్లు "ఏం చెప్పావు, నాకు చెప్పు" అని తెలుగులో తిరిగి చెప్పించుకుని, ఒకచోట సరిదిద్దింది కూడా: గొడ్లు కొట్టుకుపోయింది తమ ఇంట్లోవి కావు, ఎదురింటివాళ్ళవి.

భాషని ఇలా ఇంట్లో, మనుషుల దగ్గర నేర్చుకోవడం కొత్తదేం కాదు. మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఎవరి పేరు మీదో ఆ గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి పుస్తకాల్లేవు. తెలుగు, సవర రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాటలు అడిగి రాసుకుని, కథలు, పాటలు సేకరించి నేర్చారు. ఆ శ్రమలోంచే తర్వాత సవర వ్యాకరణం, నిఘంటువు వచ్చాయి. వాడుక భాష కోసం పోరాడినాయన ఇంకో భాషని కూడా వాడుకలోంచే పట్టుకున్నాడు. నాకు ఈ సంగతి క్లాసులో చెప్పిన వ్యాకరణ సూత్రాల కంటే ఎక్కువ ధైర్యమిచ్చింది.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి పనికొచ్చేవి రెండు మూడు ముక్కలు. సోమవారం ఇంగ్లీషు ముట్టుకోకండి. అంశం మీద ముందు తెలుగులోనే మాట్లాడుకుని, ఇంగ్లీషులో మాట తెలియని చోట్ల గీత పెట్టుకోండి. పదిహేను మాటలు దాటితే అంశం మరీ పెద్దదన్నమాట, చిన్నది చెయ్యండి. మాట్లాడేటప్పుడు మధ్యలో ఆపి తప్పులు దిద్దొద్దని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. దిద్దుబాట్లు రికార్డింగ్ విన్నాక. దిద్దినా రోజుకి రెండు తప్పులే. మా చెల్లికి ఈ నియమం అస్సలు నచ్చదు, నా తప్పుల చిట్టా దాని దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అంశం విసుగనిపిస్తే గురువారమే వదిలేయండి, ఎవరూ మార్కులు వెయ్యట్లేదు.

హాస్టల్లో ఉన్నవాళ్ళకి అమ్మ ఉండదు, కానీ రూమ్మేట్లు ఉంటారు. అంశం కోసం వెతకనక్కర్లేదు, మెస్ ఉంది. ఒకరు మెస్ ఇన్‌ఛార్జ్, ఒకరు ఫిర్యాదు చేసేవాడు, మూడోవాడు విన్నది రాత్రి ఇంటికి ఫోన్ చేసి వాళ్ళ అమ్మకి తెలుగులో చెప్పాలి. ఆవిడ ప్రశ్నలకి జవాబు లేకపోతే మళ్ళీ మొదటికి.

ఫైనలియర్ వాళ్ళకి ఒక వారం తప్పనిసరి: మీ ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో దాదాపు అందరినీ అడిగేది అదే. నాది పొలంలో మట్టి తడిని కొలిచి మోటారుని ఆన్, ఆఫ్ చేసే సెన్సర్ ప్రాజెక్టు. వచ్చే వారం మా ఇంట్లో అంశం అదే. సెన్సర్ మట్టిలో ఎంత లోతున పెట్టాలని నాన్న ఇప్పటికే అడగడం మొదలుపెట్టారు. మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తుందో మాత్రం చెల్లి నోట తెలుగులో వినాలని అమ్మ ముందే చెప్పేసింది.