ముందు చక్రాలకు రెండు పనులు: హాట్ హ్యాచ్‌పై కారు ప్రియుల మాటల వెనుక భౌతికశాస్త్రం

కారు ప్రియులు నలుగురు ఒకచోట చేరితే హాట్ హ్యాచ్ ప్రస్తావన రాకమానదు. రోజూ ఆఫీసుకీ బజారుకీ వెళ్లే హ్యాచ్‌బ్యాక్ కారులోనే శక్తిమంతమైన ఇంజిన్, గట్టి సస్పెన్షన్ అమర్చితే అది హాట్ హ్యాచ్. దాని గురించి ఒకరు "మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముక్కు బయటికి పోతుంది" అంటారు. మరొకరు "స్టీరింగ్ చేతుల్ని పక్కకి లాగుతుంది" అంటారు. ఇంకొకరు "పాతదాంట్లో ఉన్న ఫీల్ కొత్తదాంట్లో లేదు" అని పెదవి విరుస్తారు. వినడానికి ఇవి ఇష్టాయిష్టాల్లా ఉంటాయి. నిజానికి ఇవన్నీ టైరుకూ రోడ్డుకూ మధ్య జరిగేదాన్ని శరీరంతో గమనించి చెప్పిన మాటలే.

ఈ తరగతి కార్లలో అందరికీ తెలిసిన పేరు ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో కనిపించి, 1976లో అమ్మకానికి వచ్చింది. మొదట 5,000 కార్లు చేస్తే చాలనుకున్నారు. తొలి తరం ఒక్కటే 4 లక్షలకు పైగా అమ్ముడైంది. దాని శక్తి 110 హార్స్‌పవర్, బరువు సుమారు 810 కిలోలు. 2025లో భారత్‌కు దిగుమతై వచ్చిన ఎనిమిదో తరం జీటీఐ శక్తి 265 హార్స్‌పవర్, బరువు సుమారు 1,450 కిలోలు. శక్తి దాదాపు 2.4 రెట్లు పెరిగింది. టన్ను బరువుకు లెక్కిస్తే మాత్రం 136 నుంచి 183 హార్స్‌పవర్‌కు, అంటే మూడో వంతు మాత్రమే పెరిగింది. మారనిది ఒకటుంది. రెండు కార్లలోనూ ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళుతుంది. పైన చెప్పిన అభిప్రాయాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

పట్టుకు ఒక హద్దు

టైరు రోడ్డును తాకే చోటు దాదాపు అరచేయంత ఉంటుంది. కారు ముందుకు కదలడానికీ, ఆగడానికీ, తిరగడానికీ కావలసిన బలమంతా నాలుగు చక్రాల కింద ఉన్న ఆ కాస్త చోటు నుంచే రావాలి. అక్కడి ఘర్షణకు ఒక హద్దు ఉంటుంది.

ఆ హద్దును 100 అనుకుందాం. ముందుకు లాగే బలం, పక్కకు తిప్పే బలం ఒకదానికొకటి లంబంగా పనిచేస్తాయి కాబట్టి వాటిని పైథాగరస్ సూత్రం ప్రకారం కలపాలి. లాగడానికి 60 ఖర్చయితే తిరగడానికి 80 మిగులుతుంది. లాగడానికి 80 ఖర్చయితే 60 మిగులుతుంది. 95 ఖర్చు చేస్తే మిగిలేది 31 మాత్రమే. చివరి కొంచెం శక్తి కోసం కాలు నొక్కినప్పుడు తిరిగే సామర్థ్యం ఒక్కసారిగా పడిపోతుందన్నమాట. "ముక్కు బయటికి పోతుంది" అన్న మాటకు అర్థం ఇదే. ఇంజినీర్లు దీన్ని అండర్‌స్టీర్ అంటారు.

దీనికి మరో ఇబ్బంది తోడవుతుంది. కారు వేగం పుంజుకుంటున్నప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. బస్సు కదలగానే మనం వెనక్కి తూలినట్టే. కొత్త జీటీఐ 5.9 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, ఆ సమయంలో సగటున 130 కిలోల భారం ముందు చక్రాల మీద నుంచి వెనక చక్రాల మీదికి మారుతుంది. ఎక్కువ పట్టు కావలసిన క్షణంలోనే ముందు టైర్లు తేలికవుతాయి.

స్టీరింగ్ ఎందుకు లాగుతుంది?

చక్రం తిరిగే ఇరుసు మధ్యభాగానికీ, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం మళ్లే అక్షానికీ మధ్య కొంత దూరం ఉంటుంది. ఇంజిన్ బలం ఆ దూరాన్ని మీటలా వాడుకుని చక్రాన్ని పక్కకు మళ్లించాలని చూస్తుంది. ఎడమ, కుడి చక్రాల మీద ఈ ప్రభావం సమానంగా ఉంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒక చక్రం కింద ఇసుకో తడో ఉంటే ఆ సమతూకం చెడి స్టీరింగ్ లాగుతుంది. హోండా సివిక్ టైప్ ఆర్‌లో ఆ దూరాన్ని తగ్గించే ప్రత్యేకమైన ముందు సస్పెన్షన్ వాడారు. కొత్త జీటీఐలో ఉన్న డిఫరెన్షియల్ లాక్, మలుపులో లోపలి చక్రం ఊరికే తిరిగిపోకుండా బయటి చక్రానికి ఎక్కువ బలం పంపుతుంది.

కాలు తీస్తే తోక తిరుగుతుంది

1984లో వచ్చిన పూజో 205 జీటీఐని కారు ప్రియులు నేటికీ ప్రేమగానే, కాస్త భయంగానూ తలచుకుంటారు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి టక్కున కాలు తీస్తే బరువు ముందుకు జరుగుతుంది. తేలికైన వెనక టైర్లు పట్టు కోల్పోయి కారు తోక పక్కకు తిరుగుతుంది. ట్రాక్ మీద నేర్పరికి ఇది వరం. వానరోడ్డు మీద మామూలు డ్రైవరుకు ప్రాణాపాయం.

మరి ఆ "ఫీల్" ఏమిటి?

మలుపులో టైరు తనంతట తాను నిటారుగా రావాలని చూస్తుంది. ఆ ఒత్తిడి స్టీరింగ్ ద్వారా చేతులకు తెలుస్తుంది. టైరు హద్దుకు దగ్గరవుతున్నప్పుడు, జారడానికి కాస్త ముందే, ఈ ఒత్తిడి తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. పవర్ స్టీరింగ్ లేని తొలి జీటీఐలో ఈ హెచ్చరిక నేరుగా అందేది. నేటి ఎలక్ట్రిక్ స్టీరింగ్ రోడ్డు కుదుపులతో పాటు దీన్నీ కొంత వడగట్టేస్తుంది. పాతదాన్ని మెచ్చుకునేవారిది వట్టి జ్ఞాపకాల మోజు కాదు. అలాగని కొత్త కారు తక్కువదీ కాదు. కారు జారబోతే ఏ చక్రానికి బ్రేకు వేయాలో చూసుకునే స్టెబిలిటీ కంట్రోల్ అందులో ఉంది. అయితే అది ఉన్న పట్టును సరిగ్గా పంచగలదే గానీ, లేని పట్టును పుట్టించలేదు.

మన కారుకూ ఇదే లెక్క

మన రోడ్ల మీద తిరిగే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి ముందు చక్రాలే శక్తినిస్తాయి. కాబట్టి ఈ లెక్క 2025లో సుమారు 53 లక్షల రూపాయలు పలికిన కారుకే పరిమితం కాదు. ఘర్షణ గుణకం 0.8 ఉన్న పొడి రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే కారు ఆగడానికి సుమారు 49 మీటర్లు కావాలి. నీటి వల్ల అది 0.4కు పడితే 98 మీటర్లు కావాలి. బ్రేకు మీదికి కాలు వెళ్లేలోపు ఒక సెకను గడిస్తే మరో 28 మీటర్లు కలపాలి. ఈ లెక్కలో హార్స్‌పవర్ ఎక్కడా లేదు.

అందుకే మలుపుకు ముందే, కారు నిటారుగా ఉండగానే వేగం తగ్గించాలి. మధ్యలో కాలు హఠాత్తుగా నొక్కకూడదు, తీయకూడదు. చట్టప్రకారం టైరు గాడుల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. వానాకాలంలో అంత అరిగేదాకా ఆగకపోవడమే మేలు. రెండు టైర్లే మారుస్తుంటే చాలామంది కొత్తవి ముందు వేయించుకుంటారు. నాలుగూ ఒకే కొలతవైతే, కొత్తవి వెనక వేయమని టైర్ల తయారీదారులు చెబుతారు. ముందు టైర్లు జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెనకవి జారితే ఆ వ్యవధి చాలామందికి దొరకదు. 205 జీటీఐ గురించి కారు ప్రియులు ఇన్నేళ్లుగా చెబుతున్నది కూడా ఇదే.