లింకన్‌కు హోటల్ ఎందుకు అవసరం రాలేదు?

దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ల్యాప్‌టాప్‌లో 'లింకన్' చూస్తున్నా. స్పీల్‌బర్గ్ 2012లో తీసిన సినిమా. మా జేజినాయన పక్కనే మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీష్ రాదు కాబట్టి మధ్యమధ్యలో నేనే చెప్తున్నా. బానిసత్వాన్ని రద్దు చేసే రాజ్యాంగ సవరణ పాస్ కావాలి, దానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, లింకన్ పార్టీకి అంత బలం లేదు, అవతలి పార్టీ నుంచి ఓ 20 మందిని లాక్కోవాలి. అంతా విని ఆయన ఒకటే అడిగినాడు.

"ఆ ఇరవై మందిని యా హోటల్లో పెట్టినారప్పా?"

నేను పడీపడీ నవ్వినా. ఆ రాత్రి పడుకున్నాక అనిపించింది, ఆయన అడిగింది సరైన ప్రశ్నే అని. నాకు సివిక్స్ అంతా ఇంగ్లీష్ మీడియంలో బట్టీ. 'ఫ్లోర్ టెస్ట్' అనే మాటకు రెండు మార్కుల జవాబు రాసినాను గానీ, దాని వెనక హోటళ్ళు, బస్సులు ఉంటాయని ఏ పుస్తకమూ చెప్పలేదు.

ముందు లింకన్ సంగతి చూద్దాం. అమెరికా అధ్యక్షుడికి నాలుగేళ్ళు ఖాయం. సభలో తన బిల్లు ఓడిపోయినా కుర్చీ పోదు. అందుకే ఆ సినిమాలో టెన్షన్ అంతా బిల్లు గెలుస్తుందా లేదా అన్నదాని మీదే. లింకన్ మనుషులు అవతలి పార్టీ సభ్యుల చుట్టూ తిరిగి పోస్టాఫీసు ఉద్యోగాల్లాంటివి ఆశ చూపిస్తారు. మంచి పనికి లంచం లాంటిదే! చివరికి 1865 జనవరి 31న పేరు పేరునా పిలిచి ఓట్లు లెక్కపెడతారు. 119 అనుకూలం, 56 వ్యతిరేకం. గుమాస్తా పేర్లు చదవడమే క్లైమాక్స్. ఫైట్ లేదు, పాట లేదు, నేను మాత్రం గోళ్ళు కొరుక్కుంటూ చూసినా.

మన ముఖ్యమంత్రి పరిస్థితి వేరు. మనం ఓటేసేది ఎమ్మెల్యేకి. సగం కంటే ఎక్కువ మంది ఎమ్మెల్యేలు ఎవరి వెనక ఉంటే గవర్నర్ వాళ్ళను సీఎంగా నియమిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లు, అంటే 88. ఆ 88 చేయి జారిన రోజు సీఎం మాజీ అయిపోతాడు. కాబట్టి మన దగ్గర లెక్క బిల్లుతో ఆగదు, కుర్చీ దాకా వస్తుంది. హోటల్ అక్కడే పుడుతుంది.

ఇప్పుడు మన సీఎం సినిమాలు గుర్తు తెచ్చుకోండి. 'ఒకే ఒక్కడు' (1999, శంకర్ తమిళ సినిమాకు డబ్బింగ్) చూసి ఒక్కరోజు సీఎం అంతా అబద్ధం అనుకుంటాం. నిజానికి ఎమ్మెల్యే కాని మనిషి కూడా సీఎం కావచ్చు, రాజ్యాంగం 164వ అధికరణం ఆరు నెలల గడువు ఇస్తుంది. నమ్మలేనిది ఏమిటంటే, అధికార పార్టీ ఎమ్మెల్యేలంతా ఆ రోజు నోరు మూసుకుని కూర్చోవడం!

'భరత్ అనే నేను' (2018) నాకు చాలా ఇష్టం, మహేశ్ ఫ్యాన్స్ కొట్టొద్దు. పేరే ప్రమాణ స్వీకారం నుంచి వచ్చింది. అందులో హీరో రాగానే ట్రాఫిక్ జరిమానాలు వేలల్లోకి పెంచేస్తాడు. థియేటర్లో విజిల్స్. కానీ మోటారు వాహనాల చట్టం 1988లో పార్లమెంటు చేసింది. అందులో ఉన్న పరిమితిని రాష్ట్రం దాటాలంటే అసెంబ్లీలో బిల్లు పెట్టాలి, పాస్ చేయించాలి, రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవాలి. తమాషా ఏమిటంటే, సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 2019లో, పార్లమెంటే చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచింది. దానికి ఓటింగ్ జరిగింది, విజిల్స్ లేవు.

అంటే మన సినిమా సీఎం అమెరికా అధ్యక్షుడి కంటే పవర్‌ఫుల్. లింకన్ కూడా 20 ఓట్ల కోసం మనుషుల్ని తిప్పినాడు, మనవాడికి ఒక ప్రెస్‌మీట్ చాలు.

అసలు డ్రామా మన చరిత్రలోనే ఉంది. 1984 ఆగస్టు. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన కొద్ది రోజులకే, 16వ తేదీన, గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించినారు. రెండు రోజుల్లో సభలో బలం చూపిస్తానని ఎన్టీఆర్ అడిగితే కుదరదన్నారు. కొత్త సీఎంకు మాత్రం 30 రోజుల గడువు! ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను రైల్లో ఢిల్లీ తీసుకుపోయి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టినారు. తర్వాత వాళ్ళను కర్ణాటకలో దాచినారు, అక్కడ రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం అండగా ఉంది. గవర్నర్ మారినారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చినారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్ళీ సీఎం. జేజినాయన హోటల్ ప్రశ్న ఈ నెల నుంచి వచ్చిందే. ఆ రోజుల్లో చెనక్కాయ చేన్లో కలుపు తీస్తూ కూడా జనం ఎమ్మెల్యేల లెక్కే మాట్లాడుకున్నారంట.

అప్పటికి ఫిరాయింపుల చట్టం లేదు. 1985లో 52వ సవరణతో వచ్చింది. ప్రభుత్వ బలం తేల్చాల్సింది సభలోనే గానీ రాజ్‌భవన్‌లో కాదని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 1994లో, బొమ్మై కేసులో. అదీ పక్కనున్న కర్ణాటక కేసే.

ఆ నెలరోజుల మీద సినిమా ఉంది, 'ఎన్టీఆర్ మహానాయకుడు' (2019). సరిగా ఆడలేదు. మన వాళ్ళకు ఇంకో విశేషం: ఎన్టీఆర్ 1985 నుంచి హిందూపురం ఎమ్మెల్యే. సినిమాలో ఆయన పాత్ర వేసిన బాలకృష్ణ కూడా అప్పటికి హిందూపురం ఎమ్మెల్యేనే. ఒక నియోజకవర్గం ఎమ్మెల్యే, అదే నియోజకవర్గం పాత ఎమ్మెల్యేగా నటించడం హాలీవుడ్‌లో చూపించండి చూద్దాం.

అందులో చంద్రబాబుగా వేసింది రానా. ఆ రానా మొదటి సినిమా 'లీడర్' (2010, శేఖర్ కమ్ముల). నా దృష్టిలో లింకన్‌కు మనకున్న దగ్గరి చుట్టం ఇదే. అవినీతిని తుడిచేయాలనుకునే హీరో, ముందు తండ్రి దాచిన నల్లడబ్బుతో ఎమ్మెల్యేలను కొని సీఎం అవుతాడు. ఫిరాయింపుల చట్టం ఆపలేదా అని మా రూమ్మేట్ అడిగినాడు. ఆపదు. ఎమ్మెల్యే పార్టీ వదిలినా, సభలో విప్‌కు ఎదురు ఓటేసినా చట్టం పట్టుకుంటుంది. సొంత పార్టీలో నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు ఎవరివైపు చేయెత్తినా, ఎందుకు ఎత్తినా దానికి సంబంధం లేదు. కమ్ముల ఆ సందు పట్టుకున్నాడు. అయితే అక్కడ కూడా ఎమ్మెల్యేలు ధర చీటీ అతికించిన మొహాలే, ఒక్కొక్కడి కథ తెలీదు. 'లింకన్'లో ఓటు మార్చుకునే ప్రతివాడి భయమూ తెలుస్తుంది.

ఇది రాసే ముందు హాస్టల్ రూమ్‌లో ఒక పరీక్ష పెట్టినా. ఆరుగురం. అమెరికా అధ్యక్షుడి పేరు ఆరుగురికీ తెలుసు, ఉపాధ్యక్షుడి పేరు ఐదుగురికి. సొంత ఎమ్మెల్యే పేరు? ముగ్గురే చెప్పినారు. చెప్పలేని ముగ్గురిలో నేనొకణ్ణి, గూగుల్ చేసుకున్నా. 88లో ఒకరిని పంపేది మేమే మరి.

ఎవరైనా షార్ట్‌ఫిల్మ్ టీమ్ వాళ్ళు చదువుతుంటే నా దగ్గర ఒక కథ ఉంది. మన జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి, 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. రెండోసారి సీఎంగా ఉండగా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ఆయన మీద వ్యాఖ్యలు చేసింది. 1964లో రాజీనామా చేసి వెళ్ళిపోయినారు. ఎమ్మెల్యేలు తగ్గలేదు, గవర్నర్ తీసేయలేదు. 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయినారు. రాయలసీమ అనగానే సుమోలు, వేటకొడవళ్ళు చూపించే సినిమాలు లెక్కలేనన్ని వచ్చినాయి. తీర్పు కాగితం చదువుకుని కుర్చీ దిగిన ఈ సీమ మనిషి మీద పది నిమిషాల సినిమా తీస్తామంటే స్క్రిప్ట్ నేను రాస్తా. జేజినాయనకు డైలాగులు చదివి వినిపించి, ఆయన ఓకే అన్నాకే ఇస్తా.