ఇత్తడి నగకు వెల కట్టడం
మాహూర్‌లో రేణుకాదేవి దర్శనానికి వచ్చే యాత్రికులకు చేతితో చేసిన నగలు అమ్మదలచినవారు ఆదిలాబాద్ డోక్రా పనితనాన్ని పరిశీలించదగును. ఓజా కళాకారులు మట్టి రూపుపై తేనెమైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోటును కరిగిన ఇత్తడి నింపుతుంది. ఇంట్లో మూలపడిన పాత పాత్రలైనా ముడిసరుకే. అచ్చును పగులగొడితేగాని నగ బయటికి రాదు. కనుక ఒకదానిని పోలిన మరొకటి ఉండదు. వెల నిర్ణయించేటప్పుడు ఇత్తడి తూకంతోపాటు పని దినాలనూ లెక్కించాలి. తూకానికే అమ్మితే యంత్రపు నగ ముందు చేతిపని నిలవదు. ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. యంత్రపు పోతను ఆ పేరుతో అమ్మడం 1999 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. చిన్న వ్యాపారులకు ఉద్యమ్ నమోదు ఉచితం. దళారులకు రుసుము చెల్లించనవసరం లేదు.