చివురు కొనలోని రహస్యం

కెనడాలోని తెలుగువారి ఇళ్ళలో కిటికీ ప్రక్కన కరివేపాకు కుండీ కనిపించడం పరిపాటి. మా ఇంటి మొక్క రెండేళ్ళపాటు కొమ్మ వేయక, ఒంటిపుల్లలా పైకి మాత్రమే సాగింది. దాని తల తుంచమని మా అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు చేయి ఆడలేదు. ఉన్నది ఒక్క చివురు, బయట మంచు. అదీ పోతే మొక్క మిగులుతుందా?

జంతువు దేహమంతటా పెరుగుతుంది. చెట్టు పొడవు పెరిగేది మాత్రం ప్రధానంగా కాండపు కొనలలోనూ, వేళ్ళ కొనలలోనూ. మామిడి మానుకు మనిషెత్తున కొట్టిన మేకు ఇరవై ఏళ్ళకైనా అదే ఎత్తున ఉంటుంది. మాను లావెక్కి దానిని మింగవచ్చును గాని పైకి మోయదు.

కాండపు కొనలోని ఈ పెరుగుదల స్థానాన్ని 1759లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వుల్ఫ్ గుర్తించాడు. అక్కడ నిరంతరం విభజన చెందే కణసమూహానికి 1858లో నేగెలీ ‘మెరిస్టెమ్’ అని పేరు పెట్టాడు. మన పాఠ్యగ్రంథాలలో అదే విభాజ్య కణజాలం. అక్కడ పుట్టిన కణాలు కొంచెం వెనుకగా నీరు పీల్చుకొని నిడుపు సాగుతాయి. ఆ సాగుదలే కొనను ముందుకు నెడుతుంది. పిల్లలకు చూపదలచినవారు తడిగుడ్డలో పెసలు మొలకెత్తించి, అంగుళం పొడవు వేరుపై సమదూరంలో సిరా చుక్కలు పెట్టండి. రెండు రోజులలో కొన దగ్గరి చుక్కలే ఎడమవుతాయి. తక్కినవి ఉన్నచోటనే ఉంటాయి.

ఇక తుంచడం సంగతి. కొనలో తయారయ్యే ఆక్సిన్, అనగా ఇండోల్ అసిటిక్ ఆమ్లం, కాండం వెంట దిగి, ఆకుల మొదళ్ళలోని మొగ్గలను అణచి ఉంచుతుంది. తల తీసిన మొక్కకు ఆ చోట ఆక్సిన్ పెడితే ప్రక్క మొగ్గలు లేవవని 1933లో థీమాన్, స్కూగ్ చూపారు. అయితే కొన పోగానే దాని వాటా చక్కెర ప్రక్క మొగ్గలకు చేరి, ముందుగా వాటిని మేల్కొలిపేది అదేనని 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బఠానీ మొక్కలలో కనుగొన్నారు. అంతా ఆక్సిన్ మహిమేనని నమ్మిన నావంటి రసాయన శాస్త్రవేత్తకు అదొక పాఠం.

కిటికీ బయటి మేపుల్ చెట్టు తీరు వేరు. మరుసటి వసంతపు ఆకులను ముందు వేసవిలోనే సూక్ష్మరూపంలో అమర్చుకొని, పొలుసుల మాటున దాచి, శీతకాలమంతా నిద్రిస్తుంది. మంచుకు తాళే మొగ్గలు కరివేపకు లేవు. ఇక్కడ దానికి ఇంటి వెచ్చదనమే రక్ష.

ఏప్రిల్‌లో ధైర్యం చేసి తుంచాను. కొన్ని వారాలకు ఆ క్రిందనే రెండు చివుళ్ళు పొడసూపాయి. సంబరంగా అమ్మకు ఫోను చేసి ఆక్సిన్ కథంతా వినిపించాను. ‘ఇంత తెలిసినవాడివి, రెండేళ్ళు ఎందుకు ఊరుకున్నావురా?’ అన్నది.